గోడల్లేని ఊరు

"బ్యాగు నీ ఆటోలో ఉంది. ఫోను నీ ఆటో ఆగినచోటికి కూతవేటు దూరంలో కాలవలో దొరికింది. అమ్మాయి మాత్రం లేదు. మేమేం అనుకోవాల్రా?"

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ చైతన్యకృష్ణ ఆ మాట అడగడం మొదటిసారి కాదు. గోడకి ఆనుకుని నేలమీద కూర్చున్న అస్లాం తలెత్తలేదు. ప్రత్తిపాడు సెంటర్లో ఆటో నడుపుకునే మనిషి. కేంద్ర ప్రభుత్వం వాళ్ల కార్మిక సర్వేకి వచ్చిన భవ్య అనే అమ్మాయిని కొన్నాళ్లుగా ఊరూరూ తిప్పుతున్నాడు. మొన్న మధ్యాహ్నం ఆమెను కొత్త వేములేటిపాడు కాలనీలో దించాడు. పొద్దుగూకే వేళకి రమ్మంది. వెళ్తే లేదు. అంతే. అంతకు మించి అతని దగ్గర చెప్పడానికేమీ లేదు, పోలీసుల దగ్గర వినే ఓపికా లేదు.

గుమ్మంలో నిలబడి ఇదంతా వింటున్న సుబ్బలక్ష్మి లోపలికి వచ్చింది. ఒకప్పుడు ఆవిడా ఈ ఖాకీ బట్టలే వేసుకుంది, ఇలాంటి కుర్చీలోనే కూర్చుంది. ఇప్పుడు గుంటూరులో ప్రైవేటు డిటెక్టివు. తెల్లవారి తలుపు తీసేసరికి అస్లాం భార్య నజ్మీన్ మెట్లమీద కూర్చుని ఉంది. "మా ఆయన చీమకి కూడా పక్కకి జరిగి దారిస్తాడండీ" అని ఒక్కటే మాట అంది. ఆ మాటమీదే బయల్దేరి వచ్చింది సుబ్బలక్ష్మి.

"ఒక్క ప్రశ్న అడగనిస్తావా చైతన్యా?"

"మీరడిగితే కాదంటానా మేడమ్! నాకు పని నేర్పిందే మీరు. నేర్పేటప్పుడు ఏదో దాచుకున్నారు కాబోలు, ఇప్పుడు తీసి చూపిస్తారు."

"నేను దాచుకోలేదు. నువ్వే మధ్యలో నిద్రపోయావు" అని సుబ్బలక్ష్మి అస్లాం ముందు గొంతుక్కూర్చుంది. "బాబూ, పనిమీద వచ్చిన పిల్ల బ్యాగు ఆటోలో ఎందుకు వదిలేసింది?"

"ఆ కాలనీలో పని పొద్దున్నే అయిపోయిందండి. ఇప్పుడు వెళ్లేది నా సరదా కోసం భాయ్ అంది. బ్యాగులో గవర్నమెంటు వాళ్ల ట్యాబు ఉంది, తడిసిందంటే నా ఉద్యోగం ఊడుతుంది, నీ దగ్గరే ఉంచు అందండి."

"తడిస్తే అందా?"

"ఆ మాటే అందండి."

సుబ్బలక్ష్మి లేచి చైతన్యకృష్ణ వైపు తిరిగింది. "బయట ఎండ చూశావా? మిరపకాయలు గలగలమంటున్నాయి. మబ్బు మొహం చూసి ఎన్నాళ్లయింది? ఈ ఎండల్లో ఆ పిల్ల దేనికి తడుస్తుందనుకుంది?"

చైతన్యకృష్ణ కిటికీలోంచి ఎండ వైపు చూశాడు. వెంటనే నవ్వేశాడు. "ఏ నీళ్ల ట్యాంకు దగ్గరికో వెళ్దామనుకుంది కాబోలు. సాయంత్రం వీణ్ణి కోర్టులో పెడుతున్నా మేడమ్. ఆలోగా మీరు వాన కురిపిస్తే, నేనే వచ్చి గొడుగు పడతా."

సాయంత్రం దాటితే అస్లాం జైలుకి పోతాడు. అది ఒక ఎత్తు. అస్లామే దొంగ అని పోలీసులు నమ్మినంతసేపూ భవ్యని ఇంకో చోట ఎవరూ వెతకరు. అది రెండో ఎత్తు. మొన్నటి నుంచి ఆ పిల్ల ఎక్కడుందో, గుక్కెడు నీళ్లు దొరికాయో లేదో. సుబ్బలక్ష్మి కారెక్కింది.

*

వేములేటిపాడు అనే ఊరు ప్రకాశం వైపు కొండల కింద జలాశయంలో మునిగిపోయింది. ఊరి జనానికి మిరప చేల మధ్య వరసగా సిమెంటు ఇళ్లు కట్టించి ఇచ్చారు. దానికి కొత్త వేములేటిపాడు అని వాళ్లే పేరు పెట్టుకున్నారు.

కాలనీలో అడుగుపెట్టగానే సుబ్బలక్ష్మి ఒక వింత చూసింది. ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. గుమ్మాలు మాత్రం దేనిది దానిదే. బోడి సిమెంటు గోడకి తాతల నాటి టేకు ద్వారబంధం. నల్లగా, నూనె తాగి, చెక్కిన చిలకలతో, పసుపు దిట్టంగా అద్దిన గడపలతో. కొన్నిచోట్ల గుమ్మం ఇంటికన్నా పెద్దది, దానికోసం గోడ బద్దలు కొట్టి మళ్లీ కట్టుకున్నారు. ఊరు వదిలేటప్పుడు బిందెలూ మంచాలూ మర్చిపోయినవాళ్లున్నారేమోగానీ, గడప ఊడబెరుక్కోకుండా వచ్చినవాళ్లు లేరన్నమాట.

వరసలో ఒక్క ఇంటికే ప్రభుత్వం ఇచ్చిన ఇనుప గుమ్మం ఉంది. భవ్య చివరిసారి కనిపించింది ఆ ఇంటి అరుగుమీదే. అది హనుమాయమ్మ అనే ముసలావిడ ఇల్లు.

ఆవిడ కొడుకు లక్ష్మీనరసింహం ఎదురొచ్చాడు. నలభై దాటిన మనిషి, బలమైన చేతులు, మెత్తని మాట.

"పోలీసులకి చెప్పానండి. మళ్లీ చెప్పమన్నా చెప్తా. ఆ అమ్మాయి ఇక్కడ మంచినీళ్లు తాగి రోడ్డు వైపు వెళ్లిపోయింది. నేను మొన్న, నిన్న, ఇవాళ పొద్దుటి నుంచి మిరప కల్లంలోనే ఉన్నా. ఆఖరి కోత కాయ, తిరగెయ్యకపోతే తెల్లబడి తాలు తిరుగుద్దండి. ఇదుగో, మీరొచ్చారంటే చేతులైనా కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చా."

అంటూ కళ్లలోకి కారుతున్న చెమటని వేళ్లతో తుడుచుకున్నాడు. రెండు కళ్లూ, శుభ్రంగా.

సుబ్బలక్ష్మి ఆ కళ్లనే చూస్తూ ఉంది. అవి ఎరుపెక్కలేదు. నీళ్లు కారలేదు. కల్లంలో చెయ్యి పెట్టిన మనిషి ఆ చేత్తో కంటిని ముట్టుకుంటే చూడక్కర్లేదు, ఊరంతా వినపడుతుంది. ఈ ప్రాంతంలో పాకే పిల్లలకి కూడా తెలిసిన సంగతి. ఈ మనిషి ఇవాళ మిరపకాయని ముట్టుకోలేదు. మరి గోళ్ల సందుల్లో ఎండిన ఆ బూడిదరంగు మట్టి ఎక్కడిది? ఇక్కడి చేలన్నీ నల్లరేగడి కదా!

ఆ మాట పైకి అనలేదు. "భవ్య నిన్నేం అడిగింది?" అంది.

"అందర్నీ అడిగిందేనండి. ఏం పని చేస్తారు, ఇక్కడికి రాకముందు ఎక్కడ ఉండేవాళ్లు, ఎప్పుడొచ్చారు, ఎందుకొచ్చారు అని."

"ఏం చెప్పావు?"

"వేములేటిపాడు. ప్రాజెక్టులో ఊరు మునిగింది. వచ్చాం."

చేత్తో కొలిచి పెట్టినట్టు చెప్పాడు. పక్కింటి అరుగుమీద చుట్ట కాలుస్తున్న ఆదెయ్య అనే పెద్దాయన పకపకా నవ్వాడు.

"నేనయితే మొన్న పొద్దున లెక్కలు రాసుకునేటప్పుడు ఆ పిల్లకి చుక్కలు చూపించా తల్లీ! ఇప్పుడు మీ ఊరేంటి తాతా అంది. వేములేటిపాడు అన్నా. ఇంతకుముందు ఏ ఊరు అంది. వేములేటిపాడు అన్నా. మరి మీరు ఊరు మారలేదా అంది. మేం యాడికీ కదల్లేదమ్మా, నీళ్లే కదిలి మా మీదికొచ్చాయి అన్నా. పాపం, ఆ పలక మీద యాడ నొక్కాలో తెలీక దిక్కులు చూసింది." చుట్ట పక్కన పెట్టి, చేల అవతల కనపడని కొండల వైపు చెయ్యి చాచాడు. "అట్టా పోతే బొడ్రాయి. బొడ్రాయి దాటి కుడికి తిరిగితే మా సందు. సందు మొగలో ఎత్తుమెట్లు..." పక్క ఇళ్లలో ఆడవాళ్లు కూడా బయటికొచ్చి అటే చేతులు చాచారు. ఒకరి వాకిలి ఇంకొకరు చెప్తున్నారు, ఒకరి సందు ఇంకొకరు సరిచేస్తున్నారు.

అడిగింది ఒక్క ముక్క. ఊరు ఊరంతా కదిలొచ్చి నిలబడింది. భవ్య కూడా ఈ చేతులు చూసే ఉంటుంది. లక్ష్మీనరసింహం ఒక్కడే చెయ్యి ఎత్తలేదు.

"మీ అమ్మగారినేం అడిగింది?"

"మా అమ్మకి చూపు లేదండి. పెద్దదయిపోయింది. ఏదేదో మాట్లాడుద్ది."

"గుడ్డిదాన్ని, చెవిటిదాన్ని కాదు" అని లోపలి నుంచి వినపడింది. హనుమాయమ్మ గోడ తడుముకుంటూ వచ్చి ఇనుప గుమ్మం పట్టుకుని నిలబడింది. "పోలీసోళ్లు ఇంటిల్లిపాదినీ అడిగారు. నన్ను మాత్రం ఎవరూ అడగలా. చూడని దానికేం తెలుస్తుందని కాబోలు."

"నేను అడుగుతున్నా పెద్దమ్మా. ఇక్కడికి రాకముందు మీరెక్కడ ఉండేవాళ్లు?"

ముసలావిడ మొహం దీపం వెలిగించినట్టయింది. "మా ఇంట్లో" అంది. "మాది రాతి గడప తల్లీ. ఊళ్లో అందరిదీ టేకు, మాదొక్కటే రాయి. మా అత్త అత్తగారి నాటిది. అందరూ గడపలు పీకి బండ్లకెత్తుకుంటుంటే నేను దాని మీద కూర్చుని ఏడ్చా. రాయిని మోసే మగదిక్కు నాకు లేదప్పుడు. ఇదుగో వీడు, పదేళ్లప్పుడు వాళ్లయ్య కొట్టాడని లారీ ఎక్కి పోయినవాడు, అప్పటికింకా తిరిగి రాలా. ఆ గడపా, వాకిట్లో జొన్నల పాతరా, రెండూ నీళ్లపాలు చేసి వచ్చా. ఆ పిల్లకీ ఇదే చెప్పా. పాతరంటే ఏంటి మామ్మా అంది. వాకిట్లో గుంత తవ్వి, రాయి పేర్చి, గింజలు పోసి పైన బండ మూస్తాం, లోపల మనిషి నిలబడొచ్చు అన్నా. ఈ ఏడు నీళ్లు అడుక్కి పోయాయంట, ఊరు తేలిందంట, నేను పోయి చూసొస్తా మామ్మా, మీ గడప ఉందో లేదో, మీ పాతర ఉందో లేదో చెప్తా అంది. బంగారుతల్లి. నిన్న రాలా, ఇవాళా రాలా."

"ఈ ముక్క నువ్వు పోలీసులకి చెప్పలేదే?" అంది సుబ్బలక్ష్మి కొడుకుతో.

"మాటవరసకి అనుంటదిలెండి. అంత దూరం ఎవరు పోతారు?"

"మనం పోదాం. పెద్దమ్మా, మీ గడప నేను చూపిస్తా, వస్తారా?"

"ఈ ఎండలో వద్దమ్మా!" అని లక్ష్మీనరసింహం అడ్డం పడ్డాడు. ముసలావిడ అప్పటికే చేతికర్ర అందుకుంది. ఆదెయ్య తువ్వాలు తలకి చుట్టాడు. కొడుకు అటూ ఇటూ చూసి, "అయితే నేనూ వస్తా. అమ్మ చెయ్యి పట్టుకోవడానికి మనిషుండాలిగా" అన్నాడు.

సుబ్బలక్ష్మి పక్కకి వెళ్లి ఫోన్ చేసింది. "చైతన్యా, గొడుగు పట్టుకుని రా. వాన ఎక్కడ కురుస్తుందో తెలిసింది."

*

జలాశయం కట్టమీద నిలబడి చూస్తే ఊరంటూ ఏమీ లేదు. నీళ్లు ఎక్కడో దూరంగా, కొండ మొదట్లో మెరుస్తున్నాయి. కట్ట దిగిన దగ్గర్నుంచీ నీళ్లదాకా బూడిదరంగు ఒండ్రు, ఎండి, పగిలి, పైన పిండిలాంటి దుమ్ముతో పరుచుకుని ఉంది. మట్టిగోడలు ఊరు ఖాళీ అయ్యాక పడగొట్టినవి పడగొట్టగా మిగిలినవి నీళ్లలో కరిగిపోయాయి. రాళ్ల మీద ఒండ్రు కప్పేసింది. గోడ లేదు, గుమ్మం లేదు, సందు లేదు. పారేసిన చాపలా ఉంది.

చైతన్యకృష్ణ ఇద్దరు కానిస్టేబుళ్లతో జీపు దిగాడు. "ఇదేనా మేడమ్ మీ ఊరు? బాగుంది. ఎవరింట్లో ముందు విచారిద్దాం?"

సుబ్బలక్ష్మి హనుమాయమ్మ ఏం చేస్తుందో చూస్తోంది.

ముసలావిడ చెయ్యి ఎవరికీ ఇవ్వలేదు. కట్ట దిగి, గాలి పీల్చి, కర్రతో ఒకసారి నేల తట్టి, చెప్పులు విడిచింది. "ఇక్కడి నుంచి ఊరు" అంది. ఆదెయ్య కూడా చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నాడు. సుబ్బలక్ష్మీ విప్పింది.

కాలనీలో గోడ తడుముకుంటూ నడిచిన మనిషి, ఇక్కడ కర్ర భుజాన వేసుకుని నడిచింది. కాసేపు నేరుగా పోయింది. ఆగింది. కుడికి తిరిగింది. ఎదురుగా ఏమీ అడ్డం లేదు, బయలు. అయినా తిరిగింది. సుబ్బలక్ష్మి తెలియక నేరుగా అడుగేయబోతే గబుక్కున రెక్క పట్టుకుని వెనక్కి లాగింది.

"గోడ తల్లీ! తగులుద్ది!"

సుబ్బలక్ష్మి కాలు గాల్లోనే ఆగిపోయింది. ఎందుకో, నిజంగానే తగులుతుందనిపించింది.

వెనక ఆదెయ్య వస్తున్నాడు. ఆయనకి చూపు చక్కగా ఉంది. ఎదురుగా గోడ లేదని ఆయన కళ్లకి తెలుసు. అయినా ఆ మూల దగ్గర ఆయనా తిరిగాడు. ఒకచోట ఎత్తుమెట్లు ఎక్కినట్టు మోకాలు ఎత్తాడు. ఇంకొకచోట తలదించి, వంగి, లోపలికి వెళ్లి, అక్కడ కాసేపు నిలబడి, మళ్లీ వంగి బయటికొచ్చాడు. "మా ఇల్లు" అన్నాడు. "గుమ్మం పొట్టిది. పెళ్లయిన రోజు కొట్టుకున్నా, ఇప్పటికీ భయమే." నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

"ఎవరా బూట్లు?" అని హనుమాయమ్మ ఉన్నట్టుండి కేక వేసింది. చైతన్యకృష్ణ అడ్డంగా నడిచి వస్తున్నాడు. "పేరమ్మ వంటింట్లోంచి బూట్లతోనా నడవడం? చుట్టూ తిరిగి రా!"

చైతన్యకృష్ణ నవ్వబోయాడు. ముసలావిడ మొహం చూసి ఆగాడు. కానిస్టేబుళ్లు చూస్తున్నారని కూడా చూడకుండా, రెండడుగులు వెనక్కి వేసి, ఏమీ లేని మూల చుట్టూ తిరిగి వచ్చాడు. ఆ తర్వాత ఆయన మాట తగ్గింది.

సుబ్బలక్ష్మి వాళ్ల వెనకే నడిచింది. ఎన్ని నేరస్థలాలు చూసిందో ఆవిడకే గుర్తు లేదు. రక్తం చూసింది, శవాలు చూసింది. ఇలాంటిది చూడలేదు. ఊరు పోలేదు. గోడలు కరిగి ఈ మనుషుల కాళ్లలోకి ఎక్కాయి. ఇద్దరు ముసలివాళ్లు నడుస్తూ ఉంటే, వాళ్ల వెనక సందులు లేస్తున్నాయి, గుమ్మాలు నిలబడుతున్నాయి, వంటిళ్లలో పొగ కూడా వస్తుందేమోనని ముక్కుతో వెతుక్కుంది. అడుగు మెల్లగా వేసింది, ఎవరి ఇంట్లోనో నిద్రపోతున్న పిల్లలు లేస్తారన్నట్టు.

"వచ్చేశాం" అంది హనుమాయమ్మ. వంగి, అరచేత్తో దుమ్ము తుడిచింది. ఒండ్రు కింద నుంచి నున్నటి రాయి అంచు బయటపడింది. వంశంలో ఆడవాళ్లందరి చేతులూ పసుపు రాసి రాసి అరగదీసిన గడప. ముసలావిడ దాన్ని పసిబిడ్డ తల నిమిరినట్టు నిమిరింది. దాని మీద కాలు పెట్టకుండా దాటి, లోపల నిలబడి, "రండి, కూర్చోండి" అంది అందరితో.

ఆదెయ్య గడప దాటి కూర్చున్నాడు.

"అమ్మా, ఇంక చాల్లే!" అని లక్ష్మీనరసింహం గొంతు వినపడింది. జీపు దగ్గర మంచినీళ్లు తెస్తానని వెనక ఉండిపోయినవాడు అప్పుడే వచ్చాడు. "అటు వాకిట్లోకి పోమాకండి మేడమ్, బురద. దిగబడతారు."

హనుమాయమ్మ తల తిప్పింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఒరేయ్ నరసింహం, నువ్వు ఎటునుంచి వచ్చావురా?"

"నీ వెనకాలేనమ్మా."

"నా వెనక సందు. నీ గొంతు ఎడమ పక్కన పలికింది. ఎడమ పక్క మన గొడ్లకొట్టం గోడ." ముసలావిడ ఆ వైపు చెయ్యి చాపింది. "గోడలోంచి ఎట్టా వచ్చావురా?"

సుబ్బలక్ష్మి వెనక్కి తిరిగి చూసింది. ఎండిన దుమ్ము మీద అన్ని అడుగులూ అచ్చుపడి ఉన్నాయి. హనుమాయమ్మవి, ఆదెయ్యవి, తనవి, చివరికి చైతన్యకృష్ణవి కూడా, అందరివీ సందుల వెంట వంకర్లు తిరిగి వచ్చాయి. ఒక్క వరస మాత్రం కట్ట దగ్గర్నుంచి ఇక్కడిదాకా గీత గీసినట్టు నేరుగా ఉంది. ఇళ్ల మధ్య నుంచి, వంటగదుల మధ్య నుంచి, దేవుడి మూలల మీద నుంచి.

"చైతన్యా, అది చూడు" అంది సుబ్బలక్ష్మి మెల్లగా. "పదేళ్లదాకా ఈ గోడల మధ్య ఆడుకున్న పిల్లాడు ఎంత దూరం పోయినా, ఎన్నాళ్లకి వచ్చినా, ఒక్క మూల దగ్గరైనా కాలు తడబడుతుంది. ఈయన కాలు ఎక్కడా తడబడలేదు. దారి తెలియని మనిషైతే మనలాగా దిక్కులు చూస్తాడు, దిక్కులూ చూడలేదు. సూటిగా వచ్చాడు. అంటే ఈ చోటు ఈయనకి బాగా తెలుసు. కానీ గోడలు లేని ఊరే తెలుసు." లక్ష్మీనరసింహం వైపు తిరిగింది. "ఊరు ఖాళీ అయ్యాక గోడలు పడగొట్టడానికి వచ్చిన ముఠాలో ఉన్నావు కదూ? ఇక్కడికి రాకముందు ఎక్కడ ఉండేవాడివని ఆ పిల్ల అడిగితే చేత్తో కొలిచినట్టు చెప్పావు. ఇప్పుడు నేనడుగుతున్నా. ఎక్కడ ఉండేవాడివి నాయనా?"

అతను నవ్వడానికి ప్రయత్నించాడు. "ఎండకి అమ్మకి మతిపోయిందండి. మీకూ..."

"నీకు పొద్దున కళ్లు మండలేదు. కల్లంలో లేవు. నీ గోళ్లలో ఉన్నది ఈ ఒండ్రు. పాతర చూసొస్తానన్న పిల్లని బండెక్కించుకుని ఇక్కడికి తెచ్చింది నువ్వే, ఫోను ఆటో దగ్గర కాలవలో పడేసిందీ నువ్వే." సుబ్బలక్ష్మి వాకిలి వైపు చెయ్యి చూపింది. అక్కడ తుమ్మకంప కుప్పగా పడేసి ఉంది. కంప సందుల్లోంచి మట్టిదిబ్బ కనిపిస్తోంది. ఊరంతా ఎండి పగిలిన ఒండ్రు, ఆ దిబ్బలోది మాత్రం ఇంకా తడి ఆరని మట్టి. "బురద అక్కడ లేదు. తవ్వి బయటికి పోసింది ఉంది."

చైతన్యకృష్ణ సైగ చేసేలోపే లక్ష్మీనరసింహం కదిలాడు. ఒక్క దూకులో కంప కిందనుంచి గునపం లాగాడు. ఇంకో చేత్తో ముసలావిడ భుజం పట్టుకున్నాడు. గునపం మొన ఆవిడ మెడ దగ్గర ఉంది.

"ఎవరూ కదలొద్దు! జీపు తాళాలు ఇటు పడెయ్యండి!"

కానిస్టేబుళ్లు ఆగిపోయారు. చైతన్యకృష్ణ చెయ్యి నడుము దగ్గరే బిగుసుకుపోయింది. ఆదెయ్య "ఒరేయ్, తల్లిరా!" అని అరిచాడు.

హనుమాయమ్మ అరవలేదు. విడిపించుకోవడానికి చూడలేదు. తన భుజం మీది చేతిని తన రెండు చేతులతో పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే తడిమింది. రోజూ అన్నం కలిపి ముద్దలు పెట్టిన చెయ్యి.

"నువ్వు ఎవరబ్బాయివిరా?" అంది.

అతను వేళ్లు లాక్కోబోయాడు, ఆవిడ వదల్లేదు.

"ఇన్నాళ్లు నా చేతి అన్నం తిన్నావు. నాకు జ్వరమొస్తే తెల్లార్లూ కూర్చున్నావు. నువ్వు ఏ తల్లి బిడ్డవిరా? ఆవిడ ఎక్కడ ఎదురుచూస్తోందిరా?"

గునపం మొన కొద్దిగా కిందికి దిగింది. "నాకెవరూ లేరు" అన్నాడు అతను. ఆ గొంతు ఇందాకటి మెత్తని గొంతు కాదు. "నాకో కేసు ఉండేది. పేరు మార్చుకుని గోడలు పడగొట్టే పనికొచ్చా. ఆఖరి రోజు మీవాడు వచ్చాడు. అమ్మ ఏ కాలనీకి పోయిందో చెప్పమన్నాడు. ఆ రాత్రంతా ఈ గడప మీద కూర్చుని నాకు అన్నీ చెప్పాడు. చిన్నప్పటివన్నీ. వాడికి ఒక ఊరుంది, పేరుంది, ఒక అమ్మ ఉంది. నాకు..."

మాట పూర్తి కాలేదు. ఈలోగా చప్పుడు లేకుండా పక్కకి చేరిన చైతన్యకృష్ణ అతని మోచేతిని వెనక్కి విరిచాడు. గునపం రాతి గడపకి తగిలి ఖంగుమంది.

ఆ చప్పుడుకి, నేల కింద నుంచి మరో చప్పుడు బదులిచ్చింది.

టక్. టక్ టక్.

"కంప తియ్యండి!" అని సుబ్బలక్ష్మి పరిగెత్తింది. కానిస్టేబుళ్లు చేతులు చీరుకుంటున్నా లెక్కచెయ్యకుండా కంప లాగేశారు. కింద పాతర బండ. మూసేటప్పుడు గునపం పోటుకి దాని మూల విరిగి, పిడికెడు సందు మిగిలింది. ఆ సందే ఊపిరి నిలబెట్టింది. అందరూ కలిసి బండ జరిపారు. ఎండ గుంతలోకి నిటారుగా దిగింది.

అడుగున, రాతిగోడకి ఆనుకుని, ఒళ్లంతా ఒండ్రుతో, చేతిలో చిన్న రాయితో భవ్య కూర్చుని ఉంది. పెదాలు పగిలిపోయాయి. వెలుతురుకి కళ్లు చికిలించింది.

"బతికే ఉంది!" అని చైతన్యకృష్ణ గట్టిగా అరిచాడు. వెంటనే, ఎవరికీ చెప్పకుండానే ఫోన్ తీసి స్టేషన్‌కి చేశాడు. "ఆ ఆటో అతన్ని వదిలెయ్యండి. నేనే ఇంటిదగ్గర దింపుతానని చెప్పండి." సుబ్బలక్ష్మి వైపు చూడకుండానే అన్నాడు ఆ మాట. అది చాలనుకుంది ఆవిడ.

తాడు వేశారు. నీళ్ల సీసా దించారు. భవ్య రెండు గుక్కలు తాగింది. కానీ తాడు పట్టుకోలేదు. పక్కకి జరిగి, సగం తవ్విన అడుగు మట్టి వైపు చూపించింది.

"మేడమ్," అంది బొంగురుగా, "నేనొక్కదాన్నే కాదండీ ఇక్కడ."

సుబ్బలక్ష్మి వంగి చూసింది. ఒండ్రులోంచి తెల్లగా తేలి, ముడుచుకుని పడుకున్నట్టు, మనిషి ఎముకలు.

బేడీలు పడిన మనిషి నేలచూపులు చూస్తున్నాడు. హనుమాయమ్మకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. ఆవిడ అడుగులు లెక్కపెట్టకుండా, కర్ర వెయ్యకుండా తన వాకిట్లోకి నడిచి వచ్చి, పాతర అంచున కూర్చుని, లోపలి చల్లదనంలోకి చెయ్యి చాచింది.

"లారీ ఎక్కి పోయాడు, ఎక్కడ చచ్చాడో, ఏ రోడ్డు పక్కన పడ్డాడో అని ఏడ్వని రోజు లేదు" అంది నెమ్మదిగా. "అయితే నా బిడ్డ ఇంటికే వచ్చాడన్నమాట."